అయిదు తెలుగు తలుపులు

ఇంకా రాలేదు. చర్చిలో ప్రార్థన అయిపోయిందని ఫోన్‌లో చూసి పక్కింటి అనాహిత్ చెప్పింది. లోపలికి పది మందికి మించి రానివ్వరు కాబట్టి మిగిలినవాళ్ళమంతా ఎవరి గేటు ముందు వాళ్ళం నిలబడి, శవపేటిక బండి మన వీధి మీదుగా వెళ్ళేటప్పుడు తల వంచడమే ఈ కరోనా కాలపు వీడ్కోలు. ఈ ఐరిష్ వాళ్ళు ఏడాదిగా ఇలాగే చేస్తున్నారు, ఎవరు పోయినా చేస్తున్నారు. ఎదురింటి ముసలాయన చేతికర్ర మీద ఆనుకుని అప్పుడే టోపీ తీసేశాడు, బట్టతల మీద జల్లు పడుతున్నా తుడుచుకోవడం లేదు. ఆ పెట్టెలో ఉన్న మార్తా ఆయనకు ఏమవుతుంది? చెత్త బిన్లు బయటపెట్టే రోజున హలో చెప్పే మనిషి, అంతే. చలికి వణకాల్సిన దాన్ని, ఒళ్ళు మండిపోతోంది నాకు. ఈ టాలట్ ఎస్టేట్‌లో మా వరసన అయిదు తెలుగు ఇళ్ళున్నాయి, అయిదు తలుపులు. మార్తా తలుపుకి తాళం. డాక్టర్ విశాల్ తలుపు మూసే ఉంది గాని కారు లేదు, నిన్నటి నుంచి డ్యూటీలోనే ఉన్నాడు, పొద్దున ఫోన్ చేసి మాట రాక ఏడ్చాడు, ఆయన మీద నాకేం కోపం లేదు. ఇక హేమచంద్‌ది, చాందినిది. పట్టపగలు ఆ రెండిళ్ళకీ కర్టెన్లు వేసి ఉన్నాయి, కర్టెన్ల వెనక లైట్లు వెలుగుతున్నాయి. మా ఇంటికీ వేసి ఉన్నాయి. వేసింది మా ఆయన.

స్పందన అడగకపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. మార్తా కూతురు, స్కూలు ఆఖరి ఏడాది, తండ్రి పోయాకే తల్లీకూతుళ్ళు ఇక్కడికి వచ్చారు, ఇప్పుడు తల్లీ పోయింది. నిన్న సాయంత్రం ఫోన్‌లో అంది. "ఆంటీ, విల్ అవర్ పీపుల్ కమ్ అవుట్? ఈవెన్ వన్ డోర్, లైక్. మామ్ వుడ్ హావ్ లవ్డ్ దట్." తెలుగు అంతా అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం ఈ వీధి పిల్లల యాసలోనే వస్తుంది. అవర్ పీపుల్ అంది, చూశారా. మన వాళ్ళు. ఆ మాట దానికి వాళ్ళమ్మే నేర్పి ఉంటుంది. ఎందుకు రారమ్మా, వస్తారు అన్నాను. అన్న నోటితోనే కూర్చుని వరసగా ఫోన్లు చేశాను. చాందిని అయితే నా మాట పూర్తి కానివ్వలేదు. "అక్కా, పిల్లలు భయపడ్తరు కదా, శవాన్ని చూస్తె రాత్రి నిద్రపోరు. మేం కిటికీలకెల్లి దండం పెట్టుకుంటంలే." చర్చి నుంచి వచ్చే మూసిన చెక్కపెట్టె అది, అద్దాల బండిలో పూల కింద పోతుంది, ఏం శవం కనబడుతుందే నీ పిల్లలకి? రోజంతా ట్యాబ్‌లో మనుషుల్ని కాల్చి చంపుకునే ఆటలు ఆడే పిల్లలు! పైకి మాత్రం సరేలే అని పెట్టేశాను. హేమచంద్ గారు ఇక్కడి తెలుగు అసోసియేషన్ అధ్యక్షుడు, ఆయన గొంతు ఎప్పుడూ మైకు ముందు ఉన్నట్టే ఉంటుంది. "గిరిజ గారూ, మార్తా గారికి మన సంఘం తరఫున శనివారం జూమ్‌లో సంతాప సభ పెడుతున్నామండీ. అంతాక్షరి ఫైనల్స్‌కి ముందు అరగంట ఇచ్చాం." అంతాక్షరికి ముందు! ఇచ్చారట! మనిషి చావుకి అరగంట కేటాయించి, అది కూడా పాటలకి జనం చేరే లోపు ఖాళీగా ఉండకుండా. ఆ మాట విన్నప్పటి నుంచి నా నోట్లో చేదు పోవడం లేదు.

చేదంటే ఉత్తినే అనడం లేదు. నిరుడు వేసవి ముందు కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి నా ముక్కు పాడైపోయింది, వాసన పోయినా బాగుండేది, వంకరగా వస్తుంది. ఉల్లిపాయ వేగితే కుళ్ళిన మాంసం వాసన, కాఫీ కాస్తే కాలిన టైరు వాసన, సబ్బు పెట్టి కడుక్కున్న చేతులు మురికి కాలవ కంపు. మార్తాయే నాలుగు చిన్న సీసాలు తెచ్చి ఇచ్చింది, లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం, రోజూ పొద్దునా సాయంత్రం వాసన చూడమంది. "ముక్కుకి మళ్ళీ ఓనమాలు నేర్పుకోవాలక్కా, వస్తది, తొందరపడబాకు" అంది. ఇంకా రాలేదు. అనాహిత్ ఇందాక మా రెండిళ్ళ మధ్య పిట్టగోడ మీద ఫ్లాస్కు పెట్టి వెనక్కి జరిగింది, వాళ్ళ ఆర్మేనియా కాఫీ, చిన్న ఇత్తడి పాత్రలో చిక్కగా కాచేది. నా కప్పులో వంచుకున్నాను. టైరు కంపు. తాగుతున్నాను. ఈ వీధిలో ఇవాళ నాకు మనిషి చేతి నుంచి వచ్చింది ఇదొక్కటే.

ఈ కప్పుకో కథ ఉంది. పిడి దగ్గర కాస్త పెచ్చు ఊడిన నీలం కప్పు. మా వంటింట్లో కింది ప్రెస్‌లో, అల్మరాని ఇక్కడ అలాగే అంటారు, విడిగా బోర్లించి ఉండేది. మార్తా వస్తే ఇందులోనే టీ ఇవ్వాలని మా ఆయన ఏర్పాటు. క్రిస్టియన్ అని కాదే, నర్సు కదా, వృద్ధాశ్రమం నుంచి తిన్నగా వస్తుంది, ఇన్ఫెక్షన్లు అవీ ఉంటాయి అనేవాడు. అప్పటికి కరోనా పేరు కూడా ఎవరూ వినలేదు! విశాల్ రోగుల్ని చూసి వస్తే మాత్రం మంచి కప్పు, సాసరు, పక్కన జీడిపప్పు. ఏ ఇన్ఫెక్షనో నాకు తెలియదా? నేను మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబులో పని చేస్తాను, సూక్ష్మక్రిములతోనే నా ఉద్యోగం, ఏది అంటుతుందో ఏది అంటదో నాకొకరు చెప్పాలా? ఆ రోజే ఈ కప్పు నాది చేసుకున్నాను, మార్తాకి నా కప్పు ఇచ్చేదాన్ని. అప్పటి నుంచి ఆయన, నేను తాగాక దీన్ని సింకులో మిగతా వాటితో కలవకుండా పక్కకి జరిపేవాడు. నా మొగుడు, నేను తాగిన కప్పుని. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఒక మనిషిని అసహ్యించుకోవడానికి ఇంత చిన్న కారణం సరిపోతుందని నాకు తెలియదు.

మార్తాకి తెలియదా? అన్నీ తెలుసు. ఉగాది పండగకి హాలు అద్దెకి తీసుకుంటే గుమ్మం పక్కన బల్ల వేసి బీపీ చూసే పని ఆమెకి పెట్టేవాళ్ళు, సేవ అని పేరు. జనమంతా పట్టుచీరలు సర్దుకుంటూ చేతులు చాపేవాళ్ళు. భోజనాలు మొదలయ్యాక ఆమెని ఎవరూ లేపేవాళ్ళు కాదు, బూరెలు అయిపోయాక ప్లేటు తెచ్చి ఇచ్చేవాళ్ళు. మొదటి ఏడాది ఒకావిడ చెయ్యి చాపి బీపీ చూపించుకుంటూనే ఆరా తీసింది, ఇంటిపేరేంటమ్మా, గుంటూరులో ఎక్కడ, ఏ పేట, ఆ పేటలో ఏ వైపు. సముద్రాలు దాటి వచ్చి, పాస్‌పోర్టు రంగు మార్చుకుని, పిల్లల నోట ఐరిష్ యాస వింటూ మురిసిపోతూ కూడా మన వాళ్ళు వదలని ప్రశ్నలు. ఆ సాయంత్రం ఇంటికొస్తూ మార్తా నవ్వింది. "చర్చి పక్క వీధి అన్నానక్కా. ఆవిడకి కావాల్సింది దొరికింది, ఇంక అడగలా. బీపీ మాత్రం టక్కున దిగిందిలే." నాకు నవ్వు రాలేదు. నువ్వెందుకు పోతావే వాళ్ళ దగ్గరికి అని తిట్టాను. "స్పందన కోసరం అక్కా. దానికి తెలుగు ఇనపడాల గదా ఎక్కడన్నా. నా ఒక్కదాని గొంతు ఏం సరిపోద్ది?" అంది. ఇవాళ ఆ ఒక్క గొంతూ లేదు. బండి ఇంకా రాలేదు.

అనాహిత్ కూడా అదే వృద్ధాశ్రమంలో మార్తాతో కలిసి పని చేసేది. ముందు దాని మొహం చూసి, వీళ్ళకి ఇలాంటి రోతలు ఉండవు, పురాతన జాతి, ఎన్నో కష్టాలు పడ్డ జనం, ఒకరినొకరు పట్టుకుని ఉంటారు అనుకునేదాన్ని. ఒకసారి ఆ మాటే అంటే అది కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "మేము ఈ ఊళ్ళో గుప్పెడు కుటుంబాలం గిరిజా. అందులో రెండు గ్రూపులు. ఏడాదికి రెండుమూడు సార్లు లండన్ నుంచి పాదిరి వస్తాడు, అరువు తెచ్చుకున్న చర్చిలో ప్రార్థన, బయటికి రాగానే ఎవరి కార్లు వాళ్ళవి" అని ఇంగ్లీషులో చెప్పింది. మొన్న అక్టోబరులో వాళ్ళ దేశంలో యుద్ధమైనప్పుడు దాని చెల్లెలి కొడుకు చచ్చిపోయాడు, ఖననం ఫోన్‌లో చూసింది. రెండో గ్రూపు నుంచి ఒక్కరూ రాలేదట, సంతాప సభలో ఎవరు ముందు మాట్లాడాలన్న దగ్గర తేలలేదట. మార్తా వెళ్ళింది. వాన కోటు వేసుకుని దాని గేటు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది, చీకటి పడేదాకా, ఆ భాష ఒక్క ముక్క రాకపోయినా. కంపు మన ఒక్కళ్ళదే కాదని తెలిసి నాకు కాస్త ఊరట కలిగింది, ఊరట కలిగినందుకు ఇంకాస్త రోత పుట్టింది.

ఆ ప్లాస్టిక్ కుర్చీ మాది. నిరుడు మా ఆయనకి కరోనా వచ్చినప్పుడు అది మా పెరట్లో ఉండేది. నాకూ జ్వరం, లేవలేను, ఈయన కింద గదిలో గాజు తలుపు పక్కన మంచం మీద దగ్గుతూ. సంఘం వాళ్ళంతా గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు, వరసగా యాభై, వంద, ఒక్కడూ పాల డబ్బా తెచ్చి గేటు దగ్గర పెట్టలేదు. మార్తా వచ్చింది. పగలంతా డ్యూటీ చేసి వచ్చి, పెరట్లో ఆ కుర్చీ వేసుకుని, గాజు అవతల నుంచి ఈయన్ని చూస్తూ కూర్చునేది. వేలికి పెట్టుకునే ఆ చిన్న మిషను తలుపు సందులోంచి తోసి, అంకె అద్దానికి ఆనించి చూపించమనేది. "బోర్లా పడుకోండి అన్నా! ఎల్లకిలా కాదు, బోర్లా! ఊపిరి గట్టిగా లాగండి!" అని అరిచేది, పక్కింటి కుక్క మొరిగేది. అంకె పడిపోయిన సాయంత్రం అంబులెన్సుకి ఫోన్ చేసింది తనే. ఆ పూట ఆలస్యమై ఉంటే ఈ వీధిలో పోయే బండి మా ఇంటిది అయ్యేదని విశాల్ తర్వాత చెప్పాడు. తిరిగొచ్చాక ఈయన ఆమెకి వాట్సాప్‌లో గులాబీ పువ్వు బొమ్మ పంపాడు. ఆమె గిన్నెల్లో తెచ్చిచ్చిన రసం తాగాడు, తాగి గిన్నెల్ని పసుపు నీళ్ళతో కడిగించాడు.

పొద్దున నేను నల్ల కోటు వేసుకుంటుంటే ఆయన పంచె కట్టుకుంటున్నాడు. లోక క్షేమం కోసం, కరోనా పోవాలని, సంఘం వాళ్ళు జూమ్‌లో సామూహిక పారాయణం పెట్టుకున్నారు, నలభై రోజులు ప్రతి ఉదయం, ఈయన జాయింట్ సెక్రటరీ కాబట్టి ముందు వరసలో కూర్చోవాలి. అయిదు నిమిషాలు లేచి రండి, గుమ్మంలో నిలబడండి చాలు, ఆ పిల్ల చూస్తుంది అన్నాను. "పారాయణం మధ్యలో శవం ఎదురు రాకూడదు గిరిజా. నాకు మాత్రం బాధ లేదా? మనసులో దణ్ణం పెట్టుకున్నాను" అన్నాడు. ఆ ఊపిరి ఎవరు నిలబెట్టింది, ఇప్పుడు ఆ శ్లోకాలు చదివే ఊపిరి? అడిగాను. అడిగేశాను. "అందుకేగా, ఆమె ఆత్మశాంతి కోసం కూడా చదువుతున్నాను" అన్నాడు, నిజంగా నమ్మకంగా, నా కళ్ళలోకి చూస్తూ. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

వచ్చింది. అనాహిత్ ఫ్లాస్కు మూత పెట్టేసింది. మలుపులో ముందుగా పొడుగు నల్ల కోటు తొడుక్కున్న మనిషి నడుస్తూ, వెనకే మెల్లగా బండి, అద్దాల్లోంచి లేత రంగు చెక్కపెట్టె, దాని మీద తెల్లపూలు. వీధి పొడుగునా గేట్ల ముందు మనుషులు, నేను అనుకున్నదాని కంటే ఎక్కువ మంది, పేర్లు కూడా తెలియని వాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న వాళ్ళు, ఎవరో ఆడమనిషి గట్టిగా జపం మొదలుపెడితే తక్కిన వాళ్ళు అందుకున్నారు. మార్తా ఇంటి ముందు బండి ఆగింది. ఇంటిని చివరిసారి చూపించడమట. ఆ తాళం వేసిన తలుపు వైపు చేతులు జోడించాను, కప్పు రెండు చేతుల మధ్యా ఇరుక్కుంది. వెనక కారులో కార్క్ ఊరి నుంచి వచ్చిన మేనమామ జాన్ బాబు, పక్కన స్పందన. మాస్కు మీద కళ్ళు. ఆ కళ్ళు వెతుకుతున్నాయి. హేమచంద్ గారి తలుపు చూసింది. చాందిని తలుపు చూసింది. విశాల్ తలుపు. నన్ను చూసి తల ఊపింది గాని, కళ్ళు నా దగ్గర ఆగలేదు, నన్ను దాటి వెనక్కి పోయాయి. నేను ఎలాగూ ఉంటానని దానికి తెలుసు. నేను లెక్కలోకి రాను. తలుపులు తెరవండిరా, ఒక్కళ్ళయినా తెరవండి, మీ కర్టెన్లు తగలబడ!

నా వెనక గొళ్ళెం తీసిన చప్పుడు.

వచ్చాడు. ఆ ఒక్క క్షణం, దేవుడా, ఆ ఒక్క క్షణం ఈయన్ని క్షమించేశాను, కప్పుని, గులాబీ పువ్వుని, అన్నిటినీ. స్పందన కారు అద్దం దించింది. మాస్కు కిందికి లాగి, "థాంక్యూ, అంకుల్!" అంది, ఏడుపు ఆపుకుంటూ, చెయ్యి గుండె మీద పెట్టుకుని. వెనక్కి తిరిగి చూశాను. మా ఆయన గుమ్మంలో పట్టు పంచెతో, విభూతితో నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి సగం పైకి లేచి, దణ్ణమో కాదో తెలియనట్టు గాలిలో ఆగిపోయింది. ఎడమచేతిలో బకెట్. ఆవిరి లేస్తున్న పసుపు నీళ్ళ బకెట్, భుజాన తువ్వాలు. కారు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ పిల్ల వెనక్కే చూస్తూ ఉంది. ఈయన బకెట్ మెట్టు మీద పెట్టి తువ్వాలు దాని అంచున వేశాడు. "వేణ్ణీళ్ళు గిరిజా. కాళ్ళూ చేతులూ కడుక్కుని, తల మీద నాలుగు చుక్కలు జల్లుకుని పెరటి వైపు నుంచి రా. బండి వెళ్ళిపోయిందనుకుని వచ్చాను" అన్నాడు గుసగుసగా, తలుపు వేసుకున్నాడు.

అనాహిత్ గేటు తీసుకుని వచ్చింది, బకెట్ వైపు చూసింది, దాని మొహం మెత్తబడింది. వంగి రెండు చేతులూ ఆ నీళ్ళలో ముంచి కడుక్కుంది. "మా ఊళ్ళోనూ ఇంతే. శ్మశానం నుంచి వచ్చేవాళ్ళ కోసం పోయినవాళ్ళ గుమ్మం ముందు నీళ్ళు పెడతారు. ఇంటివాళ్ళు పెట్టరు, వాళ్ళకి చేతులాడవు కదా, పొరుగువాళ్ళు పెడతారు. మీకూ ఉందని తెలియదు నాకు. నీ భర్త మంచివాడు" అంది. ఈ నీళ్ళు మార్తా కోసం కాదు, మార్తాని నా మీద నుంచి కడగడానికని చెప్పనా? నోరు తెరిచే లోపు జేబులో ఫోన్ మోగింది. సంఘం గ్రూపులో ఫోటో. చాందిని కిటికీలోంచి తీసిందే, మెట్టు మీద మా ఆయన, ఎత్తిన కుడిచెయ్యి. ఎడమ వైపు కోసేశారు, బకెట్ లేదు, నేనూ లేను. కింద హేమచంద్ గారి వాక్యం. "మన సంఘం తరఫున మార్తా గారికి తుది వీడ్కోలు పలుకుతున్న జాయింట్ సెక్రటరీ బ్రహ్మాజీ గారు." చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. పారాయణం చేస్తూనే నొక్కుతున్నారు, ముండావాళ్ళు. టైపు చేయడం మొదలుపెట్టాను, బకెట్ సంగతి, కప్పు సంగతి, అంతా. అంతలో కింద ఇంకో మెసేజ్ పడింది. పంపినవారి పేరు మార్తా. వాళ్ళమ్మ ఫోన్ స్పందన దగ్గర ఉంది కదా. "థాంక్స్ బ్రహ్మాజీ అంకుల్. అమ్మ విల్ బీ సో హ్యాపీ."

రాసింది చెరిపేశాను. దానికి ఒక తలుపు తెరుచుకుంది, అది అలాగే ఉండనీ.

కప్పు పిట్టగోడ మీద పెట్టి బకెట్ ఎత్తాను. బరువుగా ఉంది, మార్తా ఇంటి దాకా నీళ్ళు బూట్ల మీద తొణికాయి. దాని గుమ్మం ముందు పెట్టి, తువ్వాలు మడిచి పక్కన ఉంచాను, శ్మశానం నుంచి వచ్చాక ఆ పిల్ల చేతులు కడుక్కోవడానికి. తిరిగి వస్తుంటే మా ఇంటి కర్టెన్ కదిలింది, ఆయన వేళ్ళతో పెరటి వైపు చూపిస్తున్నాడు. నేను పిట్టగోడ మీది కప్పు అందుకుని ముందు తలుపే తీశాను. బూట్లు విప్పలేదు. కాళ్ళు కడుక్కోలేదు. హాల్లో, కార్పెట్ మీద, తడి అడుగులతో పూజ గదిలోకి నడిచాను. అప్పటికి పరుగున వచ్చి పీట మీద కూర్చుని శ్లోకం అందుకున్నాడు, ఎదురుగా లాప్‌టాప్ నిండా చిన్న చిన్న గళ్ళలో మన వాళ్ళు, బొట్లు, కండువాలు, కదిలే పెదాలు. ఆయన పక్కన కూర్చున్నాను, కెమెరాలో పడేటట్టు. చాందిని గడిలో పెదాలు ఆగిపోయాయి. నీలం కప్పులో ఇంకా సగం కాఫీ ఉంది. దాన్ని ఆయన ముందు, దీపం పక్కన పెట్టాను.

"గొంతు ఎండిపోయి ఉంటుంది. తాగండి" అన్నాను.

ఆయన కప్పుని చూశాడు, పెచ్చు ఊడిన పిడిని చూశాడు, నా బూట్లని చూశాడు. శ్లోకం సగంలో తెగిపోయింది.

"బ్రహ్మాజీ గారూ, వినబడటం లేదండీ" అన్నాడు లాప్‌టాప్‌లోంచి హేమచంద్. "మ్యూట్‌లో ఉన్నట్టున్నారు."

"లేరు" అన్నాను నేను.